తాను తగ్గి బిడ్డను నిలిపే గ్రంథి



మే 31న మరియతల్లి ఎలిశబేతమ్మను దర్శించిన పండుగను కొనియాడుతాము. అప్పటికి ఎలిశబేతమ్మకు ఆరవ నెల. మరియమ్మ పలకరింపు చెవిన పడగానే ఆమె గర్భంలోని శిశువు ఆనందంతో గంతులు వేశాడు. ఆ వయసు శిశువులో దేవుడు ఇంకా ఏ పనులు జరిపిస్తున్నారో ఎన్నడైనా ఆలోచించారా?

మన మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి. వీటిని అడ్రినల్ గ్రంథులంటారు. గర్భం దాల్చిన రెండవ నెలలోనే ఇవి రూపుదిద్దుకోవడం మొదలవుతుంది. శరీరం బరువుతో పోల్చి చూస్తే, ఇవి పెద్దవారిలోకంటే గర్భస్థ శిశువులో పదింతలకు పైగా పెద్దవి. ఎందుకంటారా? వీటిలో ఎక్కువ భాగం గర్భవాస కాలానికే ప్రత్యేకించిన భాగం. అది తయారుచేసి పంపే ముడిసరుకుతోనే మాయ ఈస్ట్రోజెన్ అనే హార్మోనును సిద్ధం చేస్తుంది. ఆ ముడిసరుకు రాకపోతే మాయ ఒంటరిగా చాలినంత చేసుకోలేదు. లోకం ఇంకా చూడని పసికందు అప్పుడే తన వంతు సేవ చేస్తున్నాడన్నమాట!

నెలలు నిండే కొద్దీ ఈ గ్రంథుల నుండే కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. అది ఊపిరితిత్తులను మొదటి శ్వాసకు సిద్ధపరుస్తుంది. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ ఊపిరికోసం కష్టపడేది ఈ సిద్ధపాటు పూర్తికానందువల్లనే. తల్లికి ముందుగా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను ఇలాంటి బిడ్డలకు మేలు చేస్తుందని న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హోవీ 1972లో చూపించారు. అయితే ఆ మందు బాగా పనిచేయడానికి ప్రసవానికి ముందు కొంత వ్యవధి కావాలి.

కాబట్టి అత్తమామలారా, భర్తలారా, ఏడవ నెలలోనే నొప్పులు వస్తే "తెల్లవారనీ, చూద్దాం" అనకండి. జపమాల చేతబట్టుకొనే ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో చేసిన ప్రార్థననూ దేవుడు వింటారు. వైద్యుని చేతికి ఆ జ్ఞానమిచ్చింది కూడా ఆయనే.

మరొక మాట. బిడ్డ పుట్టాక ఆ గ్రంథిలోని పెద్ద భాగం కొద్ది నెలల్లోనే కుంచించుకుపోతుంది. తన పని ముగిసింది, ఇక తప్పుకుంటుంది. నాడు తల్లి గర్భంలో గంతులు వేసిన ఆ శిశువే, పెరిగి పెద్దవాడై స్నాపక యోహానుగా, క్రీస్తు హెచ్చాలి, తాను తగ్గాలి అన్నాడు. బిడ్డలను పెంచి, వారు నిలదొక్కుకున్నాక పక్కకు జరగవలసిన తల్లిదండ్రులమైన మనకు ఇది పాఠం కాదా?

ఈ వారం మీ విచారణలోని గర్భిణీ స్త్రీలందరినీ పేరుపేరునా తలచుకొని ఒక మంగళవార్త జపం చెప్పండి. మరియతల్లివలె వెళ్లి ఒక్కరినైనా పలకరించండి. ఆమెన్.