శయన నియమము

మన పెద్దలు నిద్రకు సైతము విధినిషేధములు కల్పించినారు. శిరస్సు తూర్పునకో దక్షిణమునకో ఉండవలెనని విష్ణుపురాణము చెప్పుచున్నది. భోజనానంతరము ఎడమప్రక్కకు ఒరుగుమని ప్రతి యింటి పెద్దలును చెప్పుదురు. వెల్లకిల పరుండుటను మెచ్చినవారు మాత్రము అరుదు. బౌద్ధుల అంగుత్తరనికాయము శయ్యలను నాలుగు విధములుగా విభజించి, వెల్లకిల శయనమునకు ప్రేతశయ్య యనియు, ఎడమప్రక్క శయనమునకు కామభోగిశయ్య యనియు, కుడిప్రక్క శయనమునకు సింహశయ్య యనియు పేరు పెట్టినది; నాల్గవదాని మాట తరువాత. ఉయ్యూరునకు దిగువన ఘంటసాలలో మహాచైత్యము విలసిల్లిన నాళ్లలో ఈ కృష్ణాతీరపు భిక్షువులు కుడిప్రక్కకే తిరిగి విశ్రమించి యుందురని ఊహించుట తప్పు కాదు.

ఆ తీరమందే నేడు తుంటికీలు అరిగి, బెజవాడ పోయి, తుంటి మార్పిడి చేయించుకొని వచ్చిన వృద్ధులకు వైద్యుడు తరచు విధించునది సరిగా ఆ ప్రేతశయ్యయే. 1962లో ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ అను శస్త్రవైద్యుడు ఉక్కు గుండును గట్టి ప్లాస్టిక్ గిన్నెలో తిరుగునట్లు అమర్చిన నాటినుండి ఈ చికిత్స లోకమంతట వ్యాపించినది. వెనుకవైపునుండి కోసి కీలు అమర్చినపుడు, అచ్చటి కండరములును కీలును చుట్టియున్న పొరయు మరల అతుకుకొనువరకు, కాలుమీద కాలు వేసినను, తుంటిని తొంబది డిగ్రీలకు మించి వంచినను, పాదమును లోపలికి త్రిప్పినను గుండు గిన్నెనుండి జారవచ్చును. కావుననే ఆరు మొదలు పండ్రెండు వారముల వరకు తొడల నడుమ దిండు నుంచుకొని వెల్లకిల పరుండుమందురు.

మా యెరుకలో ఉయ్యూరున ఒక మామ్మగారు కలరు. జీవితమంతయు పీటమీద బాసిపట్టు వేసికొని కూర్చుండి, నులకమంచముమీద మోకాళ్లు ముడుచుకొని ప్రక్కకు తిరిగి నిదురించిన శరీరము ఆమెది. పుష్యమాసమున శస్త్రచికిత్స జరిగినది. కాళ్లవైపు త్రాడు ఎంత బిగించినను నులకమంచము నడుము కడ క్రుంగుననియు, క్రుంగినచో తుంటి వంగుననియు తెలిసి, ఇంటివారు దానిని వసారాలో నిలువబెట్టి, చెక్కమంచముమీద గట్టి దూదిపరుపు వేసిరి. రెండు దిండ్లు తొడల నడుమ నుంచి పాతచీర పేలికతో వదులుగా కట్టిరి. మోకాలి క్రింద మాత్రము ఏమియు ఉంచలేదు. మంచినీళ్లచెంబు ఆమె వంగకయే అందుకొనునట్లు ఎత్తుబల్లమీద నుంచిరి. ఇన్ని చేసినను ఆమెకు నిద్ర లేదు. “పాడె మీద పడుకోబెట్టినట్టుందిరా” అని మనుమనితో అనుచుండెడిది. నన్ను చూచి ఒకనాడు ఇట్లడిగినది: “ఏం నాయనా, మెలకువగా ఉన్నంతసేపూ డాక్టరుగారు చెప్పినట్టే ఉంటాను. నిద్దట్లో నాకు తెలీకుండా పక్కకి తిరిగితే ఆ తప్పెవరిది?”

ఇంటివారు నవ్విరి. కాని కర్తృత్వమును గూర్చి ఇంతకంటె సూటియైన ప్రశ్నను నేను పండితసభలలో సైతము వినలేదు. గాఢనిద్రయందు తండ్రికి తండ్రితనమును, దొంగకు దొంగతనమును ఉండవని యాజ్ఞవల్క్యుడు జనకునకు బోధించినట్లు బృహదారణ్యకము చెప్పుచున్నది. మరి రోగికి రోగిత్వము మాత్రము ఎట్లుండును? రోగి యన్నదే లేనిచోట వైద్యుని ఆజ్ఞను పాలించువారెవరు? ఆ సంవాదమందే ఆత్మ స్వప్నలోకమున విహరించునపుడు దేహమను గూటిని ప్రాణము కావలి కాయుచుండునని యున్నది. ఆలోచింపగా మనము నిద్రలో ప్రక్కకు తిరుగుట ఆ కావలి చేయు పనియే. ఒక్కచోటనే ఒత్తుకొన్న మాంసమునకు రక్తము అందదు. ప్రాణము మనలను లేపకయే త్రిప్పును. అది దోషము కాదు, దయ. అయితే కావలివాడు పాతవాడు, కీలు క్రొత్తది. ఉక్కుగుండు సంగతి అతనికి ఎవరును చెప్పలేదు.

ఇంద్రియనిగ్రహము గలవారు నిద్రలోనైనను కదలరని ఉపదేశించువారిని నేనెరుగుదును. వారి తుంటికీళ్లు ఇంకను అరిగి యుండవు. వెల్లకిల పరుండి కదలనివాడన్నచో మనకు భీష్ముడే జ్ఞప్తికి వచ్చును. ఆయన స్వచ్ఛందమరణుడు, మనకు ఆదర్శము కావచ్చును గాని కొలబద్ద కాజాలడు. అయినను ఆయన కథలో ఒకటి గ్రాహ్యముగా నున్నది. అంపశయ్యపై శిరస్సు వ్రేలాడుచుండగా రాజులు మెత్తని దిండ్లు తెప్పించిరి; ఆయన నవ్వి వానిని వలదని అర్జునుని చూచెను; అర్జునుడు మూడు బాణములు నాటి తలగడ కల్పించెను. అంతటి సంకల్పబలము గల మహావీరుడును తల నిలుపుటకు సంకల్పమును నమ్ముకొనలేదు, తలగడ నడిగెను. అదియు ఆ శయ్యకు తగినదానిని, ఎరిగినవాని చేత వేయించుకొనెను. మామ్మగారి ప్రశ్నకు ఇందే సమాధానము కలదని నాకు తోచినది. నిద్రలో నియమము లేదు. నిద్రకు ముందే కలదు. తప్పంటూ ఉన్నచో నిదురించినవారిది కాదు, పక్క వేసిన వారిది.

ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్లు మాఘ శుద్ధ ఏకాదశినాడు, అనగా భీష్మైకాదశినాడే, మొదలగును. ఆ యేడు మామ్మగారు తిరునాళ్లకు పోలేదు. రాత్రులు మైకుల హోరు వినుచు దూలములు లెక్కించుచు పరుండిరి. అపుడు నేను హఠయోగప్రదీపిక సంగతి చెప్పితిని: శవమువలె వెల్లకిల పరుండు శవాసనము శ్రమను హరించి చిత్తమునకు విశ్రాంతి నిచ్చునని దానిలో కలదు. బౌద్ధులు ప్రేతమునకు కేటాయించిన శయ్యనే యోగులు సాధనముగా గ్రహించినారు! నాల్గవదియగు తథాగతశయ్య యన్ననో, అది ఏ ప్రక్కయు కాదు, ధ్యానమే. కాబట్టి శుభాశుభములు వెన్నులో లేవు. మామ్మగారు ఊపిరిమీద మనసు నిలిపి పరుండ నారంభించిరి. కొన్ని రాత్రులు పట్టెను గాని నిద్ర వచ్చెను.

ప్రక్కకు తిరుగుటకు గడువు దేవునికిని తప్పలేదు: తొలి ఏకాదశినాడు శయనించిన విష్ణువు భాద్రపద శుద్ధ ఏకాదశికి గాని ప్రక్కకు తిరుగడు. ఆ రెండు నెలలును వైద్యుల గడువును ఇంచుమించు కలియుట యాదృచ్ఛికమే. పురాణములలో శస్త్రవైద్యమును వెదకుట నాకు ఇష్టము లేదు. అయినను తిరుగుట మనకు వేడుకయే; పసివాడు బోర్లాపడినచో బొబ్బట్లు వండు దేశము మనది. వైద్యుడు అనుమతించి, తొడల నడుమ దిండుతోనే, కోత లేని వైపునకు మామ్మగారు తిరిగి పరుండిన దినమున ఆమె కోడలు బొబ్బట్లే వండినది.

శస్త్రచికిత్సకు సిద్ధపడుచున్న వారికి నా మనవి యిది. ముందునుండి కోసి కీలు అమర్చు పద్ధతియు కలదు. దానికి కట్టుబాట్లు తక్కువ. కావున మీకు ఏ పద్ధతియో, ఏ నియమములో మీ వైద్యునే అడుగుడు. ఆసుపత్రికి పోకముందు కొన్ని వారములనుండియే వెల్లకిల పరుండుట అలవరచుకొనుడు. ఇంటివారలారా, మంచమును ముందే సరిచేయుడు. రోగి వినునట్లు పాడె మాట ఎత్తకుడు. కాలు హఠాత్తుగా పొట్టియై ప్రక్కకు తిరిగి తీవ్రముగా నొప్పి పుట్టినచో తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపొండు.