చెట్టు చుట్టూ త్రవ్వవలసిన నేల



2021వ సంవత్సరములో తెలంగాణ పల్లెలలో వేపచెట్లు ఎండిపోవటము మీకు గుర్తుండే ఉంటుంది. చిగుళ్ళు మాడి, మంటకు కమిలినట్లు కొమ్మలు గోధుమరంగుకు తిరిగాయి. వేపకే తెగులు వస్తే ఇక ఊరికి మందేదని పెద్దలు దిగులుపడ్డారు. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ళ రసము పీల్చటము, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రము లోనికి చొరబడటము దీనికి కారణాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పారు. కొనలనుండి వెనక్కు ఎండుకుంటూ వస్తుంది కనుక దీనిని డైబ్యాక్ అంటారు. చెట్టు చావలేదు, నరకవద్దని కూడా వారు చెప్పారు. అయినా కొన్ని ఇళ్ళలో గొడ్డలి ముందే లేచింది.

మా విచారణలో ఒక ఇంటి వాకిట అలాంటి వేపచెట్టు ఉంది. అదే ఇంట తొమ్మిదో తరగతి చదవవలసిన పిల్లవాడు ఉన్నాడు. కరోనా మూలాన మూతపడిన బడులను 2021 సెప్టెంబరు 1న మళ్ళీ తెరిచారు. వాడు మాత్రము పోలేదు. మెకానిక్ షెడ్డులో కూర్చునేవాడు, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. "చెట్టును కొట్టిపిస్త ఫాదర్, వీన్ని ఏదన్న హాస్టల్ల ఏస్త" అన్నాడు తండ్రి. తల్లి చెంగు నోటికి అడ్డము పెట్టుకుని, "ఎండకాలం దాక ఆగుమని జెప్పుండ్రి ఫాదర్" అన్నది. రెండింటిలో దేనిని గురించి అడిగిందో నేను అడగలేదు.

తపస్సుకాలము మూడవ ఆదివారము, 'సి' సంవత్సరములో, లూకా సువార్త 13వ అధ్యాయములోని అంజూరపు చెట్టు ఉపమానము వింటాము. యజమాని లెక్క సబబే. మూడేండ్లు చూశాడు, కాయ లేదు, నేల దండుగ. తోటమాలి ఆ లెక్కను కాదనలేదు. ఒక్క యేడు గడువు అడిగి, ఆ గడువులో తాను చేయబోయే పని చెప్పాడు: చుట్టూ త్రవ్వటము, ఎరువు వేయటము. చెట్టును మందలించలేదు, గమనించారా? గడువు అడిగినవాడే పలుగు పట్టాడు. మనమూ పిల్లలకు గడువులు పెడతాము, "ఈసారి మార్కులు రాకపోతే చూడు" అని. పలుగు మాత్రము పిల్లవాడి చేతికే ఇస్తాము. ఇంటరు ఫలితాలు వెలువడిన మరునాడు వార్తాపత్రిక తెరవటానికి భయపడే గురువులలో నేనూ ఒకడిని.

ఆ వాకిట త్రవ్వవలసింది చాలా ఉంది. మొదలు చుట్టూ సిమెంటు చేశారు. బట్టల తీగ బెరడులోనికి దిగిపోయింది. ఏండ్ల తరబడి సబ్బునీళ్ళు అక్కడే పోశారు. సిమెంటు పగులగొట్టి, మొదట్లో కాక కొమ్మల అంచు నీడ పడేచోట పాదు చేశారు, ఎందుకంటే నీరు పీల్చే సన్నవేళ్ళు అక్కడికి పాకి ఉంటాయి. ఎండిన కొనలను పచ్చికట్టె తగిలేదాకా కోసి తగులబెట్టారు. కిలో మైలుతుత్తము, కిలో సున్నము ప్లాస్టిక్ తొట్లలో అయిదేసి లీటర్ల నీళ్ళలో విడివిడిగా కలిపి, తరువాత ఒకటి చేసి, ఆ బోర్డో పేస్టును కోతలకు పూశారు. పొరుగాయన యూరియా దండిగా వేయమన్నాడు. జబ్బు చెట్టుకు అది మేలు చేయదు, లేత చిగురును తోసుకొచ్చి పురుగుకు విందు చేస్తుంది. చదువు ఎక్కని పిల్లవాడికి మూడో ట్యూషను కూడా ఇంతే అని నా అభిప్రాయము.

బెరడులో ఇరుక్కున్న తీగను తీయటము తండ్రికి చేతకాలేదు. షెడ్డునుండి కటింగ్ ప్లేయరు తెచ్చి, బెరడు లేవకుండా ముక్కలుగా తెంపినది ఆ పిల్లవాడే. "మెల్లగ తియ్ బిడ్డా" అన్నాడట తండ్రి. నెలల తరువాత తిట్టు కాని మాట అది.

పునీత అగస్తీనుగారు పదహారేండ్ల వయస్సులో స్నేహితులతో కూడి పొరుగువారి బేరిపండ్లు దొంగిలించారు, ఆకలికి కాదు, దొంగతనము రుచికి. సెమినరీలో తత్త్వశాస్త్రము చదివేటప్పుడు వారి కాలతత్త్వమునకే మార్కులు. ఈ పండ్ల సంగతి విచారణలో పనిచేసేవారికి ఎక్కువ అక్కరకు వస్తుంది. తల్లి మోనికమ్మగారు ఒక మేత్రాణులవారి దగ్గరకు వెళ్ళి, నా కుమారునితో వాదించి వాడి మనస్సు త్రిప్పండి అని ప్రాధేయపడింది. ఆయన ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి వాడిని అలా ఉండనిచ్చి ప్రార్థన చేయమన్నాడు. అగస్తీనుగారు జ్ఞానస్నానము పొందినది 387లో, మిలాను నగరములో, పునీత అంబ్రోసుగారి చేతులమీదుగా. అప్పటికి వారికి ముప్పది దాటింది. తల్లి అదే సంవత్సరము కన్నుమూసింది.

2022 వేసవిలో ఆ వేప చిగిర్చింది. మందూ మాకూ లేకుండా చిగిర్చిన చెట్లు కూడా ఆ యేడు ఉన్నాయి కనుక ఆ గొప్ప ఎవరిదో నేను చెప్పను. జూనులో పిల్లవాడు బడికి వెళ్ళాడు. సాయంత్రాలు మాత్రము షెడ్డు మానలేదు, తండ్రి మానమనలేదు. పడమటి పెద్దకొమ్మ పచ్చబడలేదు, దానిని కోసేశారు. ఈ తెగులు వానలు ముదిరాక మళ్ళీ తలెత్తుతుంది. అందుకని సెప్టెంబరు వస్తే ఆ తండ్రి పొద్దున్నే వాకిట నిలబడి కొనలవైపు చూస్తాడు. ఆ తరువాత కొడుకు లేచాడా అని అడుగుతాడు.