దేవుణ్ణి నిలదీసే నవ్వు

దేవుడి మీద కోపం రావాలంటే ఆయన న్యాయంగా ఉండాలన్న ఆశ ముందు మనిషిలో ఉండాలి. ఆ ఆశ లేనివాడికి కోపం రాదు, ఊరుకుంటాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో వచ్చిన చీకటి హాస్యపు నవలలను దేన్నీ నమ్మనివాళ్ల వెటకారమని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది ఎదురయ్యారు నాకు. వాళ్లతో నేను ఏకీభవించను. మా ఇంట్లో ఆ నవలలు భారతం పక్కనే ఉంటాయి. అవి ఉండవలసిన చోటు అదేనని నా నమ్మకం.

నేను పుట్టింది సూర్యాపేటలో, మెట్టింది కోదాడలో, ఇంగ్లీషు పాఠాలు చెప్పింది మిర్యాలగూడలో. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోయే బస్సులోనే నా చదువంతా సాగింది. వరికోతలప్పుడు మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరితే బస్సు ఎంతకీ కదిలేది కాదు. జోసెఫ్ హెల్లర్ ‘క్యాచ్-22’ను అట్లాంటి కోతల కాలంలోనే పూర్తిచేశాను. 1961లో అచ్చయిన నవల అది. హెల్లర్ స్వయంగా బాంబర్ విమానంలో 60 సార్లు యుద్ధానికి వెళ్లి వచ్చినవాడు. ఆయన కథానాయకుడు యొస్సారియన్‌కు ఒకటే కోరిక, ప్రాణాలతో ఇంటికి పోవాలి. పిచ్చి పట్టిందని రుజువైతే విమానం ఎక్కనక్కరలేదు. కానీ ఎక్కనని అడిగినవాడికి పిచ్చి లేదని లెక్క, ప్రాణభయం ఉన్నవాడికి బుద్ధి సరిగానే ఉన్నట్టు కదా! ఇక దారి ఎక్కడ?

ఆ నవలలో నేను మళ్లీ మళ్లీ తెరిచే చోటు వేరే ఉంది. యొస్సారియన్ దేవుణ్ణి తిట్టిపోస్తుంటాడు. పుచ్చిపోయే పళ్లు ఎందుకు పెట్టాడు, నొప్పి అనేదాన్ని ఎందుకు సృష్టించాడు, ఒంట్లో ఏదో చెడిందని చెప్పడానికి ఒక గంట మోగిస్తే సరిపోయేది కదా అంటాడు. వింటున్న లెఫ్టినెంట్ షైస్‌కాఫ్ భార్య వెక్కివెక్కి ఏడుస్తుంది. ఆమెకూ దేవుడి మీద నమ్మకం లేదు. అయినా తాను నమ్మని ఆ దేవుడు మంచివాడు, దయగలవాడు, ఆయన్ని ఇట్లా తిట్టడం తగదంటుంది. అది చదివి బస్సులో నవ్వాను. నవ్వు ఆగాక ద్రౌపది గుర్తొచ్చింది.

అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును అడిగేది ఇదే. ధర్మం తప్పనివాడికి అడవి, తప్పినవాడికి రాజ్యం, ఇదేం న్యాయం అంటుంది. ధాత మనుషుల్ని కొయ్యబొమ్మల్లా ఆడిస్తున్నాడంటుంది. ఇది నాస్తికుల మాట అని ధర్మరాజు మందలిస్తాడు. ఆమె తగ్గుతుంది, దుఃఖంలో ఉండి మాట్లాడుతున్నానని చెబుతుంది. కానీ అక్కడితో ఆగదు. మనిషి తన ప్రయత్నం తాను చేయాలి, అన్నీ దైవం మీద వదిలి పడుకోకూడదని వాదిస్తుంది. నా దృష్టిలో ఆ సంవాదానికి ప్రాణం ఆ చివరి మాటే. దేవుణ్ణి నిలదీసినావిడే మనిషిని లేవమంటోంది.

దేవుణ్ణి నిలదీయడం మనకు కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో రామదాసు నీ నగలకు ఎంత పోశానో తెలుసా అని రాముణ్ణి దెప్పాడు. వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుని పారే కృష్ణ, సముద్రం చేరబోయే ముందు శ్రీకాకుళాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ ఊరి దేవుణ్ణి కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’లో పద్యం పద్యానికీ నిందించాడు, స్తుతించాడు. అంతటి నిందాస్తుతిని గుండెకు హత్తుకున్న తెలుగువాళ్లం హెల్లర్‌ను చూసి ఉలిక్కిపడటం నాకు నచ్చదు.

ఇవన్నీ నాకు పుస్తకాల సంగతులుగా మిగిలిపోయేవేమో, మా తమ్ముడు పోకపోయి ఉంటే. సూర్యాపేట, కోదాడల మధ్య హైవే మీద, రాత్రిపూట, వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీకి వాడి బండి తగిలింది. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్లంతా ఒకే మాట. “ఆని రాత గంతే బిడ్డా, ఏం జేస్తం.” ఓదార్పుగానే అన్నారు, కాదనను. మూల కూర్చున్న అమ్మ తలెత్తి, “ఆ లారీని లైటు లేకుండ ఆడ నిలబెట్టమని దేవుడు జెప్పిండా?” అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మ ఆ సాయంత్రం కూడా దేవుడి ముందు దీపం పెట్టింది.

ఆ తర్వాతి నెలల్లో కర్ట్ వానెగట్ ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ చదివాను. యుద్ధఖైదీగా డ్రెస్డెన్‌లో ఒక పశువధశాల కింద తలదాచుకుని, 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బాంబుదాడిలో బతికి బయటపడ్డవాడు వానెగట్. శవాలను వెలికితీసే పని కూడా అతనితో చేయించారు. చూసింది రాయడానికి 1969 దాకా పట్టింది. అందులో ట్రాల్ఫమడోర్ అనే గ్రహానికి చెందినవాళ్లుంటారు. వాళ్లకు కాలమంతా ఒకేసారి కనిపిస్తుంది. చనిపోయినవాడు ఆ క్షణంలో మాత్రమే చనిపోయి ఉన్నాడు, మిగతా క్షణాల్లో హాయిగా బతికే ఉన్నాడంటారు. జరిగేది జరగక మానదు, ఏడవడం దండగంటారు. తమ్ముడు ఎక్కడో ఒక క్షణంలో ఇంకా బండి తుడుచుకుంటూ ఉన్నాడనుకుంటే నాకు నిజంగానే ఊరట కలిగింది. ఆ ఊరట గొప్పది, తక్కువ చేయను.

కానీ అదే నవలలో ఎడ్గర్ డెర్బీ ఉన్నాడు. నాలాగే బడిపంతులు. ఊరంతా కాలి బూడిదయ్యాక, ఆ శిథిలాల్లో దొరికిన ఒక టీపాట్ తీసుకున్నందుకు అతన్ని విచారించి కాల్చి చంపుతారు. నగరాన్ని కాల్చినవాళ్లను అడిగే నాథుడు లేడు. దీన్ని కాలధర్మమని ఎట్లా అంటాం? ఆ టీపాట్ దగ్గర వచ్చే నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. ట్రాల్ఫమడోర్ వేదాంతాన్ని రచయిత మనకు బోధించడం లేదని నాకు అక్కడ తేటపడింది. దెబ్బతిన్న మనసు అల్లుకున్న కట్టు అది. మొదటి అధ్యాయంలోనే వానెగట్ బైబిల్లోని లోతు భార్యను తలుచుకుంటాడు. కాలిపోతున్న ఊరిని వెనక్కి తిరిగి చూడొద్దంటే చూసింది, ఉప్పుస్తంభమైంది. అందుకే ఆమె అంటే తనకు ఇష్టమంటాడు.

ఒక లెక్క ఇక్కడ సరిచేయాలి. నవలలో మృతుల సంఖ్య 1,35,000 అని ఉంటుంది. డ్రెస్డెన్ నగరం నియమించిన చరిత్రకారులు 2010లో 25,000 వరకు అని తేల్చారు. ఎందరు పోయారో, ఎవరివల్ల పోయారో నిజం చెప్పడం చచ్చినవాళ్ల పట్ల మనకున్న బాధ్యత.

బాధపడేవాళ్ల నవ్వు ఎట్లా ఉంటుందో మా అత్తమ్మ దగ్గర చూశాను. ఒకసారి ఆమె పింఛను ఆగిపోయింది. ఆరా తీస్తే కాగితాల్లో ఆమె చనిపోయి ఉంది. ఆధార్ కార్డు పట్టుకుని కౌంటరు ముందు నిలబడి, “నేను సచ్చిపోతే ఈ మోకాళ్ల నొప్పి ఎవరిది బిడ్డా?” అని అడిగింది. వరుసలో ఉన్న ముసలివాళ్లంతా నవ్వారు. ‘క్యాచ్-22’లో డాక్టర్ డేనీకాది ఇదే గతి. ఎక్కని విమానం జాబితాలో పేరుంది, ఆ విమానం కూలింది. మనిషి ఎదురుగా నిలబడి మొత్తుకున్నా రికార్డు ప్రకారం పోయినట్టే. అత్తమ్మ హెల్లర్ పేరు వినలేదు. ఆ నవ్వు మాత్రం ఆమెకు తెలుసు.

ఆ నవలలోనే కల్నల్ క్యాత్‌కార్ట్ పాదిరిని పిలిచి ప్రార్థనలు పెట్టించాలనుకుంటాడు. సాధారణ సైనికులు కూడా తాము కొలిచే దేవుణ్ణే కొలుస్తారని తెలిసి నివ్వెరపోతాడు, వాళ్లకు వేరే దేవుడు ఉంటాడనుకున్నాడు మరి. ఆ పేజీ తరగతిలో చదివించాను. చదువుతున్న అమ్మాయి మధ్యలో ఆగి, “మా ఊరి రామాలయంల గూడ గిట్లనే మేడమ్, మేం బయటనే నిలబడాలె” అంది. ఆ రోజు పాఠం అక్కడే ఆపి ఆమె మాటే విన్నాం. మిర్యాలగూడలో అది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. 2018 సెప్టెంబరులో, కులాంతర వివాహం చేసుకున్నందుకు, గర్భిణి అయిన భార్య కళ్లముందే ఒక యువకుణ్ణి ఆస్పత్రి దగ్గర నరికి చంపింది ఈ ఊళ్లోనే. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఎవరేం చేశారో పేరుపేరునా రాసిన తీర్పు ముందు రాత అనే మాట నిలవదు.

సైన్యాన్ని నవ్వులపాలు చేసే నవల సూర్యాపేటలో చదవొచ్చా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు మా ఊరి బిడ్డ. మరుసటేడు అదే తేదీన ఊళ్లో ఆయన విగ్రహం నిలిపారు. దాని ముందు తలవంచకుండా నేను దాటిపోను. హెల్లర్ నవ్వింది ప్రాణాలకు తెగించి ఎగిరినవాళ్ల మీద కాదు. తాను జనరల్ కావాలని, వెళ్లాల్సిన దాడుల లెక్క పెంచుకుంటూ పోయే అధికారి మీద. సైనికుడి ప్రాణం ఖరీదు తెలిసినవాడే ఆ నవల రాయగలడు.

చదవాలనుకునేవాళ్లు ‘క్యాచ్-22’తో మొదలుపెట్టండి. మొదట్లో కాలం ముందువెనకలవుతూ గందరగోళంగా ఉంటుంది, వదిలేయకండి. స్నోడెన్ అనే కుర్రాడికి విమానంలో ఏమైందో చివరిదాకా చదివితేనే పూర్తిగా తెలుస్తుంది, అది తెలియకుండా నవలను తేల్చకూడదు. ఆ తర్వాత వానెగట్. ఆ వారంలోనే అరణ్యపర్వం తీసి ద్రౌపది మాటలు, ధర్మరాజు జవాబు కూడా చదవండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు పైకి చదివి వినిపించండి, వాళ్లేమంటారో అడగండి.