పిలుపునందు ప్రేరకుని పాలు

ఒక కార్యము మంచిదైనను చెడ్డదైనను దానికి కర్త యొక్కడే యనుకొనుట లోకవ్యవహారము. కాని మన పెద్దలు చేసినవానిని, చేయించినవానిని, ప్రేరేపించినవానిని, చూచి బాగనినవానిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి, ఫలమునందు నలువురకును సమభాగము పంచిరి. ఈ పంపకము పూర్వకాలమున కొంత కఠినముగ తోచియుండవచ్చును. నేడు మాత్రము, హైదరాబాదునందో బెంగుళూరునందో ఒక కార్యాలయమున కూర్చుండి యొకడు గీసిన చిత్రము లక్షలమంది చేతివ్రేళ్లను ఒకే దిక్కునకు కదల్పగలుగుచుండగా, ప్రేరకుని పాలెంత యను ప్రశ్న పండితగోష్ఠికి మాత్రమే చెందినదని త్రోసిపుచ్చుటకు వీలులేదు. సామాజిక యాప్‌లలో మిత్రులను పిలువుమని మనలను బతిమాలుకొను రిఫరల్ స్క్రీన్‌ను ఉదాహరణముగ గైకొని ఆ ప్రశ్నను కొంత విచారింతము.

ఇట్టి స్క్రీన్‌లన్నియు ఒక్కతీరుగ నుండవు గాని, వాడుకలోనున్న మెళకువలను ఒకచోట కూర్చి చూచినచో వాని స్వరూప మిట్లుండును. పైన ఒక బహుమానపు పెట్టె మెల్లగా ఊగుచుండును. దాని క్రింద అయిదు వలయములు. రెండింట మనము ముందే పిలిచిన మిత్రుల ముఖములు, మూడింట కూడిక గుర్తు మాత్రమే. 'ఇంక ముగ్గురే!' యను మాట ప్రక్కనే వెలుగుచుండును. సగము నిండినదానిని నింపక విడువలేని మనుష్యస్వభావము నెరిగి గీసిన శూన్యములవి. దిగువ మన ఫోనులోని కాంటాక్టుల పట్టిక, పేరు పేరునకును ముందుగనే టిక్కు పెట్టబడి యుండును. అందు అత్తగారును, పాలవాడును, పదేండ్లుగా మాటలు లేని బాల్యమిత్రుడును, గతించినను పేరు తుడిచివేయుటకు చేయిరాని మేనమామయు ఒకే వరుసన నుందురు. 'అందరినీ పిలువు' మను మీట వెడల్పుగ, పచ్చగ మెరయును. 'వద్దు, నాకు స్నేహితులు అక్కరలేదు' అను మాట బూడిదరంగున, చీమతలకాయంత అక్షరములతో నొక మూల నక్కియుండును. మీట నొక్కినంతనే రంగుకాగితపు ముక్కలు కురిసి, గీకవలసిన కార్డొకటి ప్రత్యక్షమగును. దానిలో నెంత యున్నదో గీకినగాని తెలియదు. ఎన్నిసార్లు పొడిచిన గింజ రాలునో తెలియనిచోట పావురము పట్టువిడువక పొడుచుచునే యుండునని అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పరీక్షలు చేసి చూపెను. ఆ గింజకును ఈ కార్డునకును చుట్టరికము దగ్గరిదే.

ఈ శిల్పము వెనుక నొక లెక్క కలదు. ఒక్కొక్కడు సగటున పంపు ఆహ్వానముల సంఖ్యను, వానిలో ఫలించు భాగముచే గుణింపగా వచ్చినదానిని ఈ వృత్తివారు కె-ఫ్యాక్టర్ అందురు. ఒకడు 10 మందిని పిలువగా ఇద్దరు చేరినచో అది 2. ఒకటికి మించినచో యాప్ తనంతట తాను పెరుగును. తగ్గినచో ప్రకటనలకు ధనము పోయవలసి వచ్చును. ఇందు స్వతస్సిద్ధమైన దోష మేమియు లేదు. 2017 సెప్టెంబరులో తేజ్ అను పేర మన దేశమున వెలసి, మరుసటి యేట గూగుల్ పే యైన యాప్, పిలిచినవానికిని వచ్చినవానికిని చెరి 51 రూపాయలిచ్చి యిల్లిల్లు చేరెను. మన నూటపదార్లవలె ఉత్తరాదివారు శుభకార్యములందు చదివించు సంఖ్య యది. ఇరువురకును ఎంత ముట్టునో ఇరువురును ఎరిగిన వ్యవహారమును తప్పుపట్ట నేల?

ఈ విద్య మనకు క్రొత్తదియు కాదు. ఏదో గుడిలో సర్పము కనిపించి మనుష్యభాషలో మాటలాడెననియు, ఈ సంగతిని వేయి ప్రతులు అచ్చొత్తించి పంచినవానికి ధనము కలిసివచ్చెననియు, చించి పారవైచినవానికి కీడు మూడెననియు చెప్పు కరపత్రము తెలుగునాట ఎందరి గుమ్మములందో పడినదే. కె-ఫ్యాక్టర్ అను మాట నెరుగకయే ఆ కాగితమును కూర్చినవాడు ఆశను, భయమును రెండు చక్రములుగ బిగించి బండిని తోలెను. దేవుని పేరున్నంత మాత్రమున అది భక్తి కాలేదు. స్నేహము పేరున్నంత మాత్రమున ఇది స్నేహమగుననుటయు పొసగదు.

మరి యేది యెట్టిదో తెలియుటెట్లు? గీత పదునేడవ యధ్యాయమున దానమును మూడు తెరగులుగ విభజించి చెప్పిన విధానము ఇచ్చట మనకు అక్కరకు వచ్చును. ప్రత్యుపకారము నెదురుచూడక, తగిన చోట, తగిన వేళ, తగినవాని కిచ్చునది సాత్త్వికము. తిరుగుఫలము నాశించి యిచ్చునది రాజసము. దేశకాలపాత్రముల నెంచక, ఆదరము లేక విసరివేయునది తామసము. ఒక మంచి చోటు దొరికినదని, అది యీతనికి పనికివచ్చునని తలచి మిత్రునికి చెప్పుట మొదటి తరగతికి చెందును. చెరి యేబదియొక్క రూపాయల పిలుపు రెండవది. గృహస్థలోకము చాలవరకు ఈ రాజసము మీదనే నడచుచున్నది గనుక దానిని నరకహేతువని యెవరును చెప్పలేరు. టిక్కులు పెట్టిన పట్టికను ఒక్క మీటతో ఊరిమీదికి వదలుట మాత్రము నిస్సంశయముగ మూడవది; ఏలయన అచ్చట పిలువబడినవాని ముఖమును పిలిచినవాడు క్షణమాత్రమైనను తలపునకు తెచ్చుకొని యుండలేదు.

సంఖ్య పెద్దదగుటయే దోషమనువారికి రామానుజుల కథ సమాధానము చెప్పును. పదునెనిమిది మారులు తిరుక్కోష్టియూరునకు తిరిగి గోష్ఠీపూర్ణులవలన మంత్రరహస్యమును పొందిన ఆ మహానుభావుడు, వెల్లడించినచో నరకము తప్పదని గురువు హెచ్చరించినను, ఆలయముపై కెక్కి యెల్లరకును వినవచ్చునట్లు ప్రకటించెననియు, ఇందరు తరింపగా నేనొక్కడను నరకమునకు బోయిన నేమని గురువునకు విన్నవించెననియు వైష్ణవసంప్రదాయము చెప్పును. పాత్రాపాత్రవిచారమునే దాటిపోయిన పిలుపది. అయినను దానిని తామసమనుటకు మనకు నోరు రాదు. ఏలయన పిలుపునకు వెల పిలిచినవాడు చెల్లించుటకు సిద్ధపడెను, లాభము వచ్చినవారికి దక్కెను. నేటి స్క్రీన్‌లలో పెక్కింట ఈ లెక్క తారుమారైనది: బహుమానము పిలిచినవానిది, విసుగు పిలువబడినవానిది, వృద్ధి సంస్థది.

వీనికంటె సూక్ష్మమైన దోష మింకొకటి కలదు. అది ఒకని గొంతును మరియొకడు అరువు తెచ్చుకొనుట. లింక్డిన్ సంస్థ, సభ్యుల పేర వారి పరిచితులకు ఆహ్వానము పంపి, బదులు రానిచోట అవే పేర్లతో మరల మరల జ్ఞాపికలు పంపెనని 2013లో కాలిఫోర్నియా న్యాయస్థానమున వ్యాజ్యము పుట్టినది. మొదటి ఆహ్వానమునకు సభ్యులు సమ్మతించిరిగాని, తరువాతి జ్ఞాపికలకు సమ్మతించిరని చెప్పుటకు వీలులేదని న్యాయమూర్తి భావించెను. తుదకు 2015లో ఆ సంస్థ, తప్పును ఒప్పుకొనకయే, 1.3 కోట్ల డాలర్లకు రాజీపడెను. బొట్టు పెట్టి పిలువవచ్చిన ముత్తైదువను చూచినచో ఈ దోషము తేటపడును: ఆమె తన కాళ్లతో మన గుమ్మమునకు వచ్చినది గనుకనే ఆ పిలుపునకు విలువ, ఆమెకు తెలియకుండ ఆమె వేషమున వేరొకరు మరల రెండుమార్లు వచ్చి తలుపు తట్టినచో ఆ విలువ యేమగును?

చట్టము కొంత కలుగజేసికొన్నది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకములలో 13 విధములైన మోసపు రూపకల్పనలను నిషేధించెను. నిరాకరించువానిని సిగ్గుపరచు వాక్యములు వానిలో నొకటి. కాని చట్టము హద్దును చూపునేకాని హృదయమును పరిశీలింపదు. స్క్రీన్‌ను గీయువాడు తన్ను తాను అడుగుకొనవలసిన ప్రశ్న వేరు: పిలిచినవానికి ముట్టునది పిలువబడినవానికిని కనబడునట్లు వ్రాసి, టిక్కు లొక్కటియు ముందుగ పెట్టక, పంపబోవు వాక్యమును పంపువానికి చూపి, కాదనుమాటను అవునను మాటంత స్పష్టముగ నిలిపినచో, ఈ పిలుపు నిలుచునా? నిలిచినచో పెట్టె యెంత ఊగినను, కాగితపుముక్కలెన్ని కురిసినను అది అలంకారమేకాని వంచన కాదు. శుభలేఖకు పసుపు పూయుట నెవరు తప్పుపట్టిరి?

అట్లు చేసిన పిలుపులు తగ్గుననియు, తగ్గిన తన కొలువే యూడుననియు గీయువాడు చెప్పును. నేను గీయుదునేకాని నిర్ణయించువారు పైవారనియు అనును. తగ్గుట నిజము కావచ్చును. తగ్గిన ఆ భాగము, తెలిసియుండినచో ఎవరును పంపియుండనిదియు, ఎవరును అందుకొనగోరియుండనిదియు గనుక దానిని నష్టమని వ్రాసికొనుటకు సంస్థకు హక్కు లేదు. ఇక రెండవ మాటకు పెద్దల పంపకమే బదులు చెప్పును: చేయించినవాడు పైనున్నాడని ప్రేరకుని పాలు తరుగదు, ఆ పటమును చూచి బాగన్నవానికిని అంతే భాగము దక్కును. అందుచేత ఆ కార్యాలయమున సమీక్షకు కూర్చున్నవారిలో, ఆ టిక్కులు తీసివేయుడని పలుకువా డొక్కడున్నను, వాని మాట నెగ్గకపోయినను, ఆ వంతు నుండి బయటపడుటకు వానికున్న త్రోవ అదియే.