మనస్సు అణువా? తెరపై కిటికీల ఆధారంగా ఒక విచారణ

మనస్సు ఏకకాలంలో ఒకటికి మించిన విషయాలను గ్రహించగలదా అన్న ప్రశ్నకు న్యాయదర్శనం గ్రహించలేదనే సమాధానమిచ్చి, ఆ అశక్తతనే మనస్సు ఉనికికి హేతువుగా చూపింది. కన్ను, చెవి, ముక్కు తమ తమ విషయాలతో ఒకేసారి కలిసి ఉన్నా జ్ఞానాలు ఒకదాని తరువాత ఒకటిగానే కలుగుతున్నాయి కనుక, ఆత్మకూ ఇంద్రియాలకూ నడుమ అణుపరిమాణం గల, అంటే ఒక క్షణంలో ఒకే ఇంద్రియంతో కూడగల, సాధనమొకటి ఉండితీరాలన్నది నైయాయికుల వాదం. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఈ మతాన్నే సంగ్రహించాడు. కోల్‌కతాలో 1824లో ఏర్పడిన సంస్కృత కళాశాల ఈ శాస్త్రాన్ని ఆధునిక విద్యలో నిలపగా, ఫణిభూషణ తర్కవాగీశులు న్యాయసూత్రాలపై వాత్స్యాయన భాష్యాన్ని బెంగాలీలో విస్తరించి వివరించిన గ్రంథాన్ని అక్కడి వంగీయ సాహిత్య పరిషత్తు ప్రచురించింది. అదే నగరాన్ని ఆనుకొని ఉన్న బరానగర్‌లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు 1955లో దేశపు తొలి డిజిటల్ కంప్యూటర్ చేరింది.

కంప్యూటర్ ముందు కూర్చుని రాసే వ్యక్తి స్థితి ఆ పాత చర్చకు చక్కని ఉదాహరణ. 1991లో బ్రామ్ మోలెనార్ విడుదల చేసిన విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచిన ఫైలు మెమరీలో నిలిచే రూపాన్ని బఫర్ అనీ, దానిని చూపే తెర భాగాన్ని విండో అనీ అంటారు. ఒకే బఫర్‌ను రెండు విండోలలో చూస్తున్నప్పుడు ఒకచోట దిద్దినది రెండోచోటా మారుతుంది, ఎందుకంటే చూపులు రెండైనా పాఠం ఒకటే; విండోను మూసినా బఫర్ జాబితాలో మిగిలే ఉంటుంది. అనుభవం ఆత్మలో విడిచిన ముద్రను నైయాయికులు సంస్కారమన్నారు. కనబడని బఫర్ దానికి దగ్గరిది. రాత పడే చోటును చూపే కర్సర్ మాత్రం ఎన్ని విండోలున్నా ఒక్కదానిలోనే ఉంటుంది.

పక్కపక్కనున్న రెండు ఫైళ్లను ఒకేసారి చదువుతున్నట్టు తోచడం లేదా అన్న ఆక్షేపణ బలమైనదే. భాట్ట మీమాంసకులు మనస్సును విభువుగా, అంటే సర్వవ్యాపిగా, అంగీకరించారు. వేగంగా తిప్పిన కొరివి వలయంలా కనబడినట్టు, మనస్సు వేగమే క్రమాన్ని మరుగుపరుస్తుందని న్యాయసూత్రాల సమాధానం. పోల్చి చూడవలసిన పాఠాలకు తెరను విభజించడం నిజంగా మేలు, ఎందుకంటే అది వెతుకులాటను తగ్గిస్తుంది. అయితే అది అవధానాన్ని రెండింతలు చేయదు, సంబంధం లేని ఫైళ్లను ఎదుట పరచుకుంటే మనస్సుకు పరుగు పెరుగుతుంది.

తెలుగువారి అష్టావధానం దీనికి బాధకం కాదా అని అడగవచ్చు. అవధాని ఎనిమిది మంది పృచ్ఛకులకు ఒకే క్షణంలో బదులివ్వడు. ఒక్కొక్కరి వద్దకు వరుసగా వచ్చి పద్యాలను పాదం పాదంగా పూరించి, చివరి ధారణలో వాటిని పూర్తిగా అప్పగిస్తాడు. అతని ఘనత ఏకకాల గ్రహణంలో కాక, విడిచి వెళ్లిన దానిని చెదరకుండా నిలుపుకోవడంలో ఉంది కనుక, ఈ విషయంలో న్యాయమతమే గ్రాహ్యం.