క్షమాపణ ఎవరికి చెప్పాలి?

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ వెళ్ళి ప్రపంచ ఛాంపియన్ అయి వచ్చిన నాటినుంచీ మా ఇంట్లో బాక్సింగ్ భాష ఒకటి చొరబడింది. కూరలో కారం ఎక్కువైతే "పంచ్ బాగా తగిలింది" అంటారు మావారు. అంతకుముందు నాకు తెలిసిన ముష్టియుద్ధమల్లా వాలి సుగ్రీవులదే.

మొన్న మా అమ్మాయి కాగితం, కలం పట్టుకొచ్చి నా పక్కన చతికిలబడింది. కాలేజీలో వక్తృత్వపు పోటీట. "రింగులో ఎవరు గెలిచారన్నది కాదమ్మా, రింగు బయట లోకం ఆలోచనని మార్చిన బాక్సర్లెవరు? అదీ విషయం" అంది.

జాబితా దానిదే. మొదటి పేరు జాక్ జాన్సన్. 1908లో సిడ్నీలో టామీ బర్న్స్‌ని ఓడించి హెవీవెయిట్ ఛాంపియన్ అయిన తొలి నల్లజాతి మనిషి. 1910 జులై 4న రీనోలో, తెల్లవాళ్ళు ఆశలన్నీ పెట్టుకున్న జెఫ్రీస్‌ని కూడా అతను ఓడించాడు. ఆ కోపంతో అమెరికాలో ఎన్నో ఊళ్ళలో నల్లవాళ్ళమీద పడి కొట్టారు, చంపారు. గెలిచినవాడొకడు, దెబ్బలు తిన్నవాళ్ళు వేరొకరు! రెండో పేరు జో లూయీస్. హిట్లర్ ప్రభుత్వం తన గొప్పగా చూపించుకున్న మాక్స్ ష్మెలింగ్‌ని 1938లో న్యూయార్క్‌లో మొదటి రౌండులోనే పడగొట్టాడు. ఒక నల్లవాడు గెలవాలని తెల్లవాళ్ళు కూడా రేడియోల ముందు కూర్చున్న రాత్రి అది. మూడో పేరు నేను చెప్పక్కర్లేదు.

మహమ్మద్ అలీ అంటే మా నాన్నగారికి ప్రాణం. వియత్నాం యుద్ధం రోజుల్లో, 1967లో, సైన్యంలో చేరనన్నాడు. ఛాంపియన్ బిరుదు పోయింది. మూడున్నరేళ్ళు పోటీలకి దూరమయ్యాడు. చివరికి 1971లో సుప్రీంకోర్టులో గెలిచాడు. "కొట్టడం చేతనైనవాడు కొట్టనన్నాడే, అదీ బలం!" అనేవారు నాన్నగారు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ జ్యోతి వెలిగిస్తూ, పార్కిన్సన్స్ జబ్బుతో వణికే చేత్తో అలీ టీవీలో కనిపించినప్పుడు, ఆయన కండువాతో కళ్ళొత్తుకోవడం నాకింకా గుర్తు.

అమ్మాయికి సాయం చేద్దామని అలీ గురించి చదవబోతే, జాబితాలో లేని మనిషి ఒకడు నాకు అడ్డం తగిలాడు. జో ఫ్రేజియర్.

సౌత్ కరోలినాలో పేద రైతు బిడ్డ. ఫిలడెల్ఫియా కబేళాలో పనిచేస్తూనే 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చాడు. పోటీలు లేని రోజుల్లో అలీ చేతిలో డబ్బు పెట్టాడు. అతన్ని మళ్ళీ ఆడనివ్వండని పెద్దవాళ్ళ దగ్గర మాటసాయం చేశాడు. ఆ ఫ్రేజియర్‌నే, 1971 మార్చిలో ఇద్దరూ తలపడేముందు, అలీ తెల్లవాళ్ళ తొత్తు అన్నాడు. 1975లో మనీలా పోటీకి ముందు గొరిల్లా అన్నాడు. విలేఖరుల ముందు రబ్బరు గొరిల్లా బొమ్మని గుద్ది అందర్నీ నవ్వించాడు. మాటతీరునీ, మొహాన్నీ వెక్కిరించాడు. నల్లగా ఉండడం అందమే, తలెత్తుకోండి అని లోకానికి చెప్పిన నోరే అది!

అక్టోబర్ 1న మనీలాలో పద్నాలుగు రౌండ్లయ్యేసరికి ఫ్రేజియర్ కళ్ళు వాచి మూసుకుపోయాయి. అయినా పదిహేనో రౌండుకి లేస్తానంటే గురువు ఎడ్డీ ఫచ్ పోటీ ఆపించేశాడు. తరవాత అలీ, ఫ్రేజియర్ కొడుకుని పిలిచి, మీ నాన్నని అన్న మాటలు మనసులోంచి వచ్చినవి కావని చెప్పమన్నాడట. కుర్రాడు వచ్చి చెబితే, ఆ మాట నాతో చెప్పాలి గాని నీతో ఏమిటి అన్నాడట తండ్రి. 2001లో అలీ మళ్ళీ క్షమాపణ చెప్పాడు. ఈసారి న్యూయార్క్ టైమ్స్ పత్రికతో. అదంతా పోటీ ప్రచారం కోసం అన్నదేనన్నాడు.

మా నాన్నగారు కళ్ళొత్తుకున్న ఆ జ్యోతి ఘట్టం గురించే, అలీ ఆ మంటల్లో పడిపోతే బాగుండేదన్నట్టు మాట్లాడాడు ఫ్రేజియర్. చదివి "ఛీ, ఎంత కచ్చ!" అనుకున్నాను. తరవాత పుస్తకం మూసి ఊరికే కూర్చుండిపోయాను. నాకు మా పిన్ని గుర్తొచ్చింది.

నా బి.ఏ. చివరి ఏడాది ఫీజుకి గాజులు తాకట్టు పెట్టిన మనిషి ఆవిడ. మాట్లాడితే నత్తి. నా నవలల్లో ఒకదాంట్లో (ఏదో చెప్పను) ఆ నత్తిని ఒక దిక్కుమాలిన అత్తగారి పాత్రకి తగిలించాను. పాత్ర బ్రహ్మాండంగా పేలింది. నవ్వలేక చచ్చామని పాఠకులు ఉత్తరాలు రాశారు. ఆడవాళ్ళ ఆత్మగౌరవం గురించి ఎంత బాగా రాశారండీ అని కూడా ఆ ఉత్తరాల్లోనే రాశారు. ఆ తరవాత ఒక పెళ్ళిలో ఎవరో కుర్రాళ్ళు పిన్నిని ఆ పాత్ర పేరుతో పిలిచారు. పిన్ని నవ్వింది. ఆనాటినుంచి నలుగురిలో ఆవిడ నోరు విప్పగా నేను చూడలేదు. "కథకోసం రాసిందే, నీ గురించి కాదు" అని మా తమ్ముడి చేత కబురు పంపాను. అప్పట్లో నాకది క్షమాపణలాగే అనిపించింది.

"లక్షలమందికి తలెత్తుకోవడం నేర్పాడు. ఒక్కణ్ణి నాలుగు మాటలన్నంత మాత్రాన ఆ గొప్పంతా పోతుందా? తూకం వేసి చూడమ్మా!" అంది మా అమ్మాయి.

గొప్ప పోదు. కాని తూకం దగ్గరే నాకు పేచీ. ఎక్కువమందికి ఎక్కువ మేలు అనే సిద్ధాంతం నేనూ బి.ఏ.లో చదివినదాన్నే. ఇంటి పద్దులు రాసుకునేదాన్ని కనక ఇంకొకటీ తెలుసు. పక్కింటావిడ బాకీ అట్టే పెట్టుకుని గుళ్ళో వందమందికి అన్నదానం చేస్తే పుణ్యం రావచ్చు, బాకీ మాత్రం తీరదు. అన్నదానమూ నిజమే, బాకీ కూడా నిజమే. రెండూ వేరువేరు పద్దులు. అందులో పక్కింటావిడ పద్దు కొట్టేసే హక్కు అన్నం తిన్న వందమందికీ లేదు.

ఆ తరవాత వాళ్ళిద్దరూ సభల్లో కలుసుకున్నారు, చేతులు కలిపారు. 2011లో ఫ్రేజియర్ పోతే, అంత జబ్బులోనూ అలీ అంత్యక్రియలకి వచ్చాడు. మనసులు కలిశాయో లేదో వాళ్ళకే తెలియాలి. 2016లో అలీ కూడా వెళ్ళిపోయాడు.

"మరి అలీ పేరు ఎక్కడ రాయను?" అంది అమ్మాయి.

"పైనే రాయి. పక్కన ఫ్రేజియర్ పేరు కూడా రాయి" అన్నాను.

ఇదంతా ఈ పేజీలో రాసేస్తే నా మనసు తేలికపడుతుందనుకున్నాను. సగం రాసేసరికి అర్థమైంది, ఇదీ పత్రికే గదా! పిన్నికి ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. ఈ పుస్తకం ఆవిడ చదవదు. ఆదివారం పొద్దుటి బస్సుకి వాళ్ళ ఊరు వెళుతున్నాను. మా తమ్ముడు తోడొస్తానన్నాడు. వద్దన్నాను.