సంతకం పెట్టే ముందు, అమ్మాయీ

పిల్లల కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే సంతోషం. కొండాపురంలో డిగ్రీ అయిన పిల్లలు బెంగుళూరో హైదరాబాదో, కాదంటే కువైటో అంటున్న రోజుల్లో నువ్వు పల్లెల్లో తిరిగే పని ఎంచుకున్నావు. చెయ్యి. మనసారా చెప్తున్నా, చెయ్యి. కానీ వాళ్లు పంపిన ఆర్డరు మొదటి పేజీలో జీతం అంకె చూసి ఇంట్లో అందరూ చాలనుకున్నారట, మిగతా పేజీలు ఎవరూ తిప్పలేదట. ఈ పెద్దమ్మ బతుకంతా ఇట్లాంటి సంస్థల్లోనే గడిచింది. ఆ మిగతా పేజీల గురించి రొంత చెప్పనీ.

మన రంగంలో ఒక చెడ్డ అలవాటుంది. సెలవు గురించో పీఎఫ్ గురించో అడిగితే చాలు, సేవ చేయడానికి వచ్చావా సంపాదించడానికి వచ్చావా అని ఎదురు ప్రశ్న వేస్తారు. ఆ మాటకు మంచి మనసున్న వాళ్లే ముందు తలొంచుతారు. నేను పనిచేసిన ఒక సంస్థలో ఒకావిడ ఉండేది. భర్త లేడు. ఉదయగిరి వైపు పల్లెల్లో సాయంత్రం బడి నడిపేది, పొలాల్లో తిరిగి పిల్లల్ని వెతికి తెచ్చేది. ఆమెకిచ్చేదాన్ని జీతమనేవాళ్లు కాదు, గౌరవ వేతనం అనేవాళ్లు. ఆ పేరుతోనే పీఎఫ్ ఎగ్గొట్టారు, గ్రాట్యుటీ ఎగ్గొట్టారు. మోకాళ్లు అరిగిపోయి పని మానుకున్న రోజున శాలువా కప్పి ఫోటో తీసి పంపించారు. ఆమె చదివించిన పిల్లల్లో టీచర్లయిన వాళ్లున్నారు, పోలీసులైన వాళ్లున్నారు. ఆమె మాత్రం ముసలితనంలో కొడుకు చేతి కింద బతికింది. అది తలచుకుంటే నాకిప్పటికీ కోపమే. పిల్లల హక్కుల గురించి మాట్లాడే సంస్థ తన ఉద్యోగుల హక్కు దగ్గర నోరు మూసుకోకూడదు. నువ్వూ మూసుకోవద్దు.

అందుకని ముందు చూడవలసింది ఏందంటే, నిన్ను వాళ్లు ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కన్సల్టెంటుగానా, వాలంటీరుగానా అన్నది. చేసేది ఒకే పని, తిరిగేది అవే ఊళ్లు. కానీ కన్సల్టెంటువైతే పది శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని మిగతాది చేతిలో పెడతారు. అంతటితో సరి. పీఎఫ్ లేదు, జీతంతో సెలవు లేదు. ఉద్యోగివైతే, ఇరవై మందికి తక్కువ కాని సంస్థ గనక, నీ మూల వేతనంలో 12 శాతం నువ్వు, 12 శాతం వాళ్లు పీఎఫ్‌లో కట్టాలి. వాళ్లు కట్టే దాంట్లో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది, అదీ నెలకు 15,000 రూపాయల వేతనాన్ని పరిమితిగా పెట్టుకునే. జీతం అంకె చూసేటప్పుడు కూడా జాగ్రత్త. సీటీసీ అని పెద్ద అంకె రాస్తారు. వాళ్లు కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా ప్రీమియం అన్నీ అందులో కలిపేస్తారు. మీ నాన్న సంబరపడిన అంకెకూ, ఒకటో తారీకు నీ ఖాతాలో పడే అంకెకూ తేడా ఎంతో అడిగి తెలుసుకో.

పీఎఫ్ కటింగ్ పేస్లిప్పులో కనబడినంత మాత్రాన కట్టినట్టు కాదు. ఉమాంగ్ యాప్‌లో నీ పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, కొట్టి పాస్‌బుక్ చూడు. నీ వాటా, వాళ్ల వాటా రెండూ పడుతున్నాయా లేదా నెల నెలా నువ్వే చూసుకోవాలి. ఆధార్‌లో నీ పేరు, పుట్టిన తేదీ ఎట్లా ఉన్నాయో అక్కడా అట్లాగే ఉండేట్టు చేరిన రోజే సరిచేయించు. మన వైపు ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక ఉంటుంది. పదేళ్ల తర్వాత డబ్బు తీసుకోబోయినప్పుడు ఆ ఒక్క తేడాకే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు.

ఇంకో మాట, దీన్ని మీ అమ్మ ముందర కూడా చెప్తా. మన ఆడపిల్లలు పెళ్లి కుదరగానే ఉద్యోగం మానేసి, ఉన్న పీఎఫ్ అంతా తీసి నగలకో పెట్టుపోతలకో పెడతారు. పింఛను పథకంలో మొత్తం సర్వీసు పదేళ్లు నిండితేనే 58 ఏళ్ల తర్వాత నెల నెలా పింఛను వస్తుంది. మధ్యలో తీసేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది, మళ్లీ ఒకటి నుంచి లెక్క. సంస్థ మారినా యూఏఎన్ మారదు, పాత ఖాతా కొత్తదానికి బదిలీ చేయించుకోవచ్చు. ఉద్యోగానికి కొన్నాళ్లు విరామం ఇచ్చినా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే ఆ సర్వీసు నిలిచి ఉంటుంది. పింఛను పెద్దదేం కాదు, నిజమే. కానీ డెబ్బై ఏళ్ల ఆడమనిషికి నెలకింతని తన పేరున వచ్చే డబ్బు ఎంత ధైర్యమో నీకు ఈ వయసులో తెలీదు.

గ్రాట్యుటీ సంగతి ఈ మధ్య మారింది. ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం చొప్పున ఇస్తారు. 1972 చట్టం ప్రకారం అయిదేళ్లు నిండితేనే వచ్చేది. మన సంస్థల్లో అన్నీ ప్రాజెక్టు ఉద్యోగాలే, మూడేళ్లకు ప్రాజెక్టు అయిపోతుంది. చాలామంది ఆ అయిదేళ్ల గడప ఎప్పుడూ దాటలేదు. 2025 నవంబరు 21న కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చాక, ఫలానా తేదీ దాకా అని గడువు రాసి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పూర్తయినా గ్రాట్యుటీ ఇవ్వాలి. నీ ఆర్డరులో గడువు తేదీ ఉందని విన్నా. అయితే ఈ నిబంధన నీకోసమే. వాళ్ల హెచ్ఆర్ విధానంలో పాత అయిదేళ్ల మాటే ఉంటే మర్యాదగా అడుగు. ఇక పదకొండు నెలలకు రాసి, నెల ఆపి, మళ్లీ రాసే ఒప్పందమైతే వద్దనే చెప్తా.

ప్రాజెక్టు ఎందుకు ఆగిపోతుందో తెలిసుంటే ఇదంతా ఎందుకు పట్టించుకోమంటున్నానో నీకే అర్థమవుతుంది. ఎక్కడో దూరదేశంలో ఒక కుటుంబం నెలకింతని పంపితే ఇక్కడ ఒక బిడ్డ చదువు సాగే పద్ధతిని స్పాన్సర్‌షిప్ అంటాం గదా. 1937లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం జరుగుతుంటే అక్కడి పిల్లల కోసం ఒక ఇంగ్లీషు విలేకరి ఆ పద్ధతిలో సాయం మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్లాన్ ఇంటర్నేషనల్ అంటున్న సంస్థ పుట్టుక అదే. అదే స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో ఆర్డీటీ అనే సంస్థ పెట్టాడు. ఒకప్పుడు పరాయివాళ్ల దయ మీద బతికిన పిల్లల దేశం మన కరువుసీమ పిల్లలకు దయ పంపింది. బత్తలపల్లి ఆసుపత్రి, వేల ఇళ్లు, బళ్లు అన్నీ ఆ డబ్బుతో లేచాయి. ఆ సంస్థకు విదేశీ విరాళాల అనుమతి సమస్య వచ్చినప్పుడు 2025లో అనంతపురం జనం రోడ్లమీదికొచ్చారు. ఎంత ప్రేమ ఉంటే అట్లా వస్తారు చెప్పు. కానీ అదే సమయంలో అక్కడ పనిచేసే వాళ్ల ఇళ్లలో పొయ్యి దగ్గర ఏం మాట్లాడుకునుంటారో కూడా నాకు తెలుసు.

విదేశీ విరాళాలకు అనుమతిచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం గురించి నీకు చేరకముందే తెలియాలి. విదేశీ డబ్బు ఏ సంస్థకొచ్చినా ముందు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలి. 2020 సవరణతో ఆఫీసు నిర్వహణ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఆఫీసులో కూర్చునే వాళ్ల జీతాలు ఆ ఇరవైలో వస్తాయి, ఆసుపత్రిలో డాక్టరు జీతం, బడిలో టీచరు జీతం రావు. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బును ఊళ్లలోని చిన్న సంస్థకు పంచిచ్చే వీలు కూడా ఆ సవరణతో పోయింది. కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశంలో పని ఆపేసింది. అప్పటికి దాని ఆసరాలో లక్షా నలభై వేలకు పైగా పిల్లలున్నారు. వరల్డ్ విజన్ ఇండియా రిజిస్ట్రేషన్ 2024 జనవరిలో రద్దయింది. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని నీతో వాదించడానికి ఇవి చెప్పడం లేదు. నీ తప్పేమీ లేకుండానే నీ జీతం ఆగిపోవచ్చు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంచుకో. మొదటి ఏడాది మీ తమ్ముడికి బండి కొనివ్వకపోతే ఏం కాదు. నీ ఉద్యోగం ఏ ప్రాజెక్టు పద్దు కింద ఉందో, అది ఎప్పటిదాకా ఉందో అడుగు. మధ్యలో ఆపితే ఎన్ని రోజుల ముందు నోటీసిస్తారో కాగితం మీద ఉండాలి.

సెలవులు, ప్రసూతి సంగతి చట్టంలోనే ఉంది: మొదటి రెండు కాన్పులకు 26 వారాలు, జీతంతో. పదిమంది, ఆపైన ఉన్న ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారో పేర్లు తెలుసుకో. బీమా దగ్గర మాత్రం రొంత ఆగు. నువ్వు స్కూటీ మీద కలిగిరి, వింజమూరు, వరికుంటపాడు రోడ్లమీద చీకటి పడ్డాక కూడా తిరుగుతావు. ఫీల్డు ప్రయాణంలో జరిగే ప్రమాదానికి సంస్థ బీమా వర్తిస్తుందా, నీ సొంత బండైనా సరేనా? ఆరోగ్య బీమాలో అమ్మానాన్నలున్నారా? నగదు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రి నెల్లూరులోనో కావలిలోనో ఉందా, లేక చెన్నై దాకా పోవాలా? ఇవి అడిగితే ఎవరూ తప్పుపట్టరు. మంచి సంస్థ అయితే అడిగినందుకు సంతోషిస్తుంది.

ఇప్పటిదాకా నీకు రావలసినవి చెప్పా. ఆ కాగితాల్లోనే నువ్వు ఇవ్వవలసింది ఒకటుంది. పిల్లల రక్షణ విధానం అని విడిగా జత చేసుంటారు. చాలామంది దాన్ని చదవకుండా సంతకం పెట్టేస్తారు. నువ్వు మాత్రం ప్రతి వాక్యం చదువు. పోలీసు వెరిఫికేషన్ అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. ఏ బిడ్డతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకు. తల్లిదండ్రుల అనుమతి, ఆ బిడ్డ ఇష్టం లేకుండా ఫోటో తీయకు. ఇష్టపడినా, ఏడుస్తున్న ముఖాన్ని విరాళాల కోసం అమ్మకు. ఒక బిడ్డ మీద లైంగిక దాడి జరిగిందని నీకు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం నీ బాధ్యత. పై అధికారికి చెప్పా, వాళ్లు చూసుకుంటారులే అనుకుంటే కుదరదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఊరి పెద్దలు పరువంటారు, రాజీ అంటారు, అందులో మన బంధువులే ఉండొచ్చు. అప్పుడు కూడా చెప్పాలి. అట్లా నిలబడినందుకు ఉద్యోగం పోయినా మా ఇంట్లో నీకు అన్నం ఉంటుంది.

బాలల హక్కుల మాట వచ్చినప్పుడు అది ఎక్కడో జెనీవాలో పుట్టి మనదాకా వచ్చిందనుకోవద్దు. శాంతా సిన్హా పుట్టింది నెల్లూరులో. ఆమె తాతగారు మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో పెట్టిన ఎంవీ ఫౌండేషన్, బడిలో లేని ప్రతి బిడ్డా బాల కార్మికుడే అన్న పట్టు పట్టి వేలమందిని పనుల్లోంచి బడికి మళ్లించింది. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి అధ్యక్షురాలయింది. ఆ పట్టు నీకు మన మండలంలో రోజూ అవసరమవుతుంది. పొగాకు బ్యారన్లు కాలే రోజుల్లో ఆకు అల్లడానికి ఇంట్లో అందరి చేతులూ కావాలి. బాల కార్మిక చట్టానికి 2016లో తెచ్చిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టొద్దంటుంది, కానీ బడి అయ్యాక ఇంటి పనిలో సాయపడొచ్చని ఒక సందు ఉంచింది. ఆ సందులోంచే పిల్లలు జారిపోతారు. అమ్మానాన్నలు బెంగుళూరు పనులకు పోయి, నాయనమ్మ దగ్గర వదిలేసిన పిల్లలు ముందు జారిపోతారు. వాళ్ల పేర్లు దాత కోసం రాసే నివేదికలో ఉండవు, ఎందుకంటే వాళ్లు ఏ ప్రాజెక్టులోనూ లేరు. చేరిన మొదటి వారం నువ్వు ఆఫీసు ఫైలు పక్కన పెట్టి, బడి హాజరు పట్టీ తీసుకుని, జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవరికి సున్నాలు పడ్డాయో చూడు. ఆ ఇళ్లకు ముందు పో.